లెక్కకు రాని ప్రయాణికులు

గత మాఘమాసమున నేను మేడ్చలులోని మా చెల్లెలి యింటికి పోయియుంటిని. ఒకనాటి యుదయమున కాఫీలు త్రాగి మేమందఱము వసారాలో కూర్చుండియుండగా ఒక యువకుడు వచ్చి నమస్కరించెను. అతని మెడలో గుర్తింపు బిళ్ళయు, చేతిలో పలకవంటి యంత్రమును ఉండెను. నగరమునకు క్రొత్తగా వేయదలచిన రైలుమార్గములను గుఱించి యాలోచన సాగుచున్నదనియు, దానికై ఇంటింటను ప్రయాణముల లెక్క వ్రాసికొనుచున్నాననియు అతడు వినయముతో చెప్పెను. చెల్లెలు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చినది. అతడు ప్రశ్నలారంభించెను.

ఇంట నెందఱు? పనిదినములలో గడప దాటి పోవువారెవరు? ఎచ్చటికి పోవుదురు? ఎన్ని గంటలకు బయలుదేరుదురు? నడచియా, మోటారు సైకిలుమీదనా, బస్సులోనా, రైలులోనా? ఎంత సేపు పట్టును? ఎంత ఖర్చగును? మా బావగారు జీడిమెట్లలోని పనికి మోటారు సైకిలుపై పోవుదునని చెప్పిరి. మేనకోడలు లింగంపల్లి వైపునున్న కళాశాలకు రైలులో పోవుచున్నానని చెప్పి, ఎచ్చట ఎక్కునదియు, ఎచ్చట మాఱునదియు వివరించినది. చెల్లెలి యత్తగారు డెబ్బదియైదేండ్ల వృద్ధురాలు. నెలకొకమాఱు వైద్యుని యొద్దకు పోవుట తప్ప ఆమె కదలదు. యువకుడన్నియు నమోదు చేసికొని, తుదకు మా చెల్లెలి వైపు తిరిగి, "మరి మీరండీ?" అనెను.

"నేనెక్కడికీ పోను, బాబూ" అని యామె నవ్వినది.

అతడు యంత్రముపై సున్న నొక్కెను.

నేను ఊరకుండలేకపోతిని. "ఆమె పోకపోవుటకు కారణమున్నది, నాయనా! రైలు సకాలమున వచ్చియుండిన యెడల నేడు ఆమెయు పోవుచుండెడిది. ఆ సంగతి కూడ వ్రాసికొనుము" అంటిని. అతడు యంత్రమును పైకిని క్రిందికిని జరిపి చూచి, "అటువంటి గడి ఇందులో లేదండీ" అనెను. అతని దోషమేమున్నది? తన కిచ్చిన గడులను నింపుటయే అతని పని. అతడు మఱల నమస్కరించి ప్రక్క యింటికి పోయెను.

ఆ సున్నను నేను మఱవలేకున్నాను. ఏలయన, దానిని వ్రాసినది ఆ యువకుడు కాదు. 2012వ సంవత్సరమున నేనే వ్రాసితిని.

ఆ కాలమున మా చెల్లెలు మాదాపూరు వైపున నొక ప్రైవేటు కంపెనీలో పద్దులు చూచెడిది. బి.కాం. పట్టభద్రురాలు, లెక్కలలో తప్పు దొరలనిచ్చునది కాదు. ఉదయము ఏడు గంటలకు గడప దాటి, బస్సులు మాఱి, తొమ్మిదిన్నరకు కచేరి చేరి, రాత్రి ఎనిమిదిన్నరకు గాని ఇల్లు చేరెడిది కాదు. బిడ్డ కప్పటికి ఆఱేండ్లు. మెలకువతో నున్న బిడ్డకు తల్లి తీఱికగా కనబడుట ఆదివారములందే. అత్తగారు సణుగుచుండెడివారు. ఇరుగుపొరుగువా రడుగవలసిన దానికంటె ఎక్కువగా అడుగుచుండెడివారు. బావగారు మంచివారే, కాని "నీ యిష్టము" అని యూరకుండుటయే మంచితనమని తలంచువారు. ఇట్టి స్థితిలో నామె నా యొద్దకు వచ్చి, "అన్నయ్యా, ఏమి చేయమంటావు?" అని యడిగినది.

నేను సంస్కృతము చదివి, ఆంగ్లము బోధించువాడను. పాఠశాల వార్షికోత్సవములలో స్త్రీవిద్యను గుఱించి యుపన్యసించినవాడను. కావున "మానివేయుము" అనుటకు నా నోరాడలేదు. "మానకుము" అని చెప్పి, ఆ యింటివారితో మాటలాడి, ఆమె బరువును నలుగురును పంచుకొను దారి చూపుటకు నాకు ధైర్యము చాలలేదు. ఆ దినములలోనే నగర స్థానిక రైళ్ళను మేడ్చలు వఱకు పొడిగింతురను వార్త పత్రికలలో వచ్చినది. అది నాకు దైవమిచ్చిన యుత్తరమువలె తోచినది. "రెండేండ్లలో మీ యూరికి రైలు వచ్చును. అంతవఱకు విరమించి, పిదప మఱల చేరుము" అంటిని. రెండేండ్లని యే పత్రికయు వ్రాయలేదు. ఏ యధికారియు చెప్పలేదు. ఆ రెండేండ్లను కల్పించినవాడను నేను. ఆమె రాజీనామా యిచ్చినది.

రైలు వచ్చినది. 2023వ సంవత్సరము ఏప్రిలు 8వ తేదీన వచ్చినది. మంజూరైన నాటి నుండి లెక్కించిన పదునొకండేండ్లు. వ్యయములో మూడింట రెండు వంతులు రాష్ట్రప్రభుత్వమును, ఒక వంతు రైల్వేవారును భరించునట్లు ఏర్పాటు. మొదట సుమారు 816 కోట్ల రూపాయలని యంచనా వేసిన పని, కాలము సాగినకొలది సుమారు 1,169 కోట్లకు పెరిగినది. ఆలస్యమువలన పెరిగిన వ్యయమిది యని నివేదికలలో వ్రాయుదురు. అది సత్యమే. కాని అది మొత్తము వ్యయము కాదు. 2012లో మా చెల్లెలికి తెలిసిన పన్నులు వేఱు. 2017 జులై 1 నుండి జీఎస్టీ వచ్చి పద్దుల స్వరూపమే మాఱిపోయినది. రైలు వచ్చిన నాటికి ఆమెకు నలువదియొక యేండ్లు. ఆమె నేర్చిన విద్యకు కాలము చెల్లినది. ఈ నష్టము ఏ నివేదికలో, ఏ పద్దు క్రింద వ్రాయుదురు?

యోజన యను మాటను నేను పిల్లలకు బోధించునపుడు ఒక విశేషము చెప్పుచుందును. ఇది యుజ్ అను ధాతువునుండి పుట్టినది. యుజ్ అనగా కలుపుట, పూన్చుట. ప్రణాళికయు యోజనయే, ప్రాచీనులు దూరమును కొలిచిన మానమును యోజనమే. కాడికి పూన్చిన యెడ్లను విప్పకుండ ఎంత దూరము పోవచ్చునో అది యొక యోజనమని పెద్దలు వివరింతురు. గజములకును కోసులకును ఆధారము నేల కావచ్చును. యోజనమునకు ఆధారము ప్రాణి యోపిక. రైలుమార్గమును యోజన చేయువారికి ఈ రెండర్థములును జ్ఞప్తియందుండుట మేలు. పటముపై ఎన్ని కిలోమీటర్లన్న ప్రశ్నకు ముందు, ఇంటి గడప నుండి పని చోటు వఱకును, మఱల నింటి వఱకును మనుష్యుడు అలసి పడిపోకుండ పోగలడా యన్న ప్రశ్న రావలెను.

ఇపుడు మన నగరపు సంగతి కొంత విచారింతము. ఇచ్చటికి రైలు క్రొత్తది కాదు. వాడి నుండి సికింద్రాబాదునకు 1874లోనే రైలు వచ్చినది. బొలారము, మేడ్చలు మీదుగా నిజామాబాదునకును, అవల మన్మాడునకును పోవు గోదావరీ లోయ మార్గము కూడ నూఱేండ్లు దాటినది. కాని ఊరికి వచ్చు రైలు వేఱు. ఊరిలో తిరుగు రైలు వేఱు. బొంబాయిలో విద్యుత్తుతో నడచు స్థానిక రైలు 1925 ఫిబ్రవరి 3వ తేదీన కదలినది. మదరాసులో బీచి నుండి తాంబరమునకు 1931లో కదలినది. హైదరాబాదునకు ఆ భాగ్యము 2003 ఆగస్టు 9వ తేదీన పట్టినది. ఎంఎంటీఎస్ అని మనమందఱము పిలుచు ఆ రైలు తొలి దశలో సికింద్రాబాదు, నాంపల్లి స్టేషన్లను లింగంపల్లితోను, సికింద్రాబాదును ఫలకనుమాతోను కలిపినది. రెండవ దశలోని పనులలో మేడ్చలు మార్గ మొకటి. 2024 మార్చి 5న మౌలాలి–సనత్‌నగరము మార్గమున కూడ స్థానిక రైలు నడచినది. ఘట్‌కేసరు నుండి లింగంపల్లికి సికింద్రాబాదు స్టేషనుకు పోకుండగనే పోవు దారి యేర్పడినది.

ఈ యోజన యందు గొప్ప తెలివి యొకటి కలదు. ఉన్న పట్టాలనే వాడుకొనుట. భూసేకరణము తక్కువ, ఇండ్లు కూల్చు పని తక్కువ, ఖర్చు తక్కువ. ఆ తెలివిలోనే ఒక చిక్కును దాగియున్నది. రైలుదారిని ఖండములుగా విభజింతురు. ఒక ఖండమున నొక బండి యున్నంత వఱకు ఆ పట్టాలపై రెండవ బండికి ప్రవేశము లేదు. దూరదేశములకు పోవు ఎక్స్‌ప్రెస్సులును, బొగ్గును సిమెంటును మోయు గూడ్సు బండ్లును అదే దారిన పోవలెను. స్థానిక రైలు ప్రతి రెండు మూడు కిలోమీటర్లకు ఆగి, మనుష్యులను దించి, ఎక్కించుకొని పోవునది. కావున తన వెనుక వచ్చు త్వరిత బండికి అడ్డము. అడ్డమైనదానిని ప్రక్కకు తప్పించుట లోకరీతి. ఇంటికి పెద్ద బంధువులు వచ్చినపుడు పిల్లలను వంటయింటిలో కూర్చుండబెట్టి ఆఖరి పంక్తిలో వడ్డించినట్లు, అందఱకును దారి యిచ్చిన పిదప మిగిలిన కాలమే స్థానిక రైలునకు దక్కును.

మిగిలిన కాలముతో నడచు రైలు ఎన్నిమాఱులు నడవగలదు? రైలు యొక్క విలువ వేగమున కంటె ఎక్కువగా ఈ "ఎన్నిమాఱులు" అనుదానియందున్నది. పది నిమిషముల కొక బండి యున్న దారిలో బండి తప్పినవాడు పది నిమిషములు పోగొట్టుకొనును. రెండు గంటల కొక బండి యున్న దారిలో బండి తప్పినవాడు రెండు గంటలు పోగొట్టుకొనును. పురుషుడైనచో ఆ రెండు గంటలు స్టేషనులో కూర్చుండి టీ త్రాగి యింటికి వచ్చును. ఇంట ఎవరును ప్రశ్నింపరు. స్త్రీయైనచో ఆ రెండు గంటలకు సంజాయిషీ చెప్పుకొనవలెను. కావున అరుదుగా నడచు రైలును పురుషుడు కష్టపడి వాడుకొనును. స్త్రీ వాడుకొననే వాడుకొనదు. ఆపై "ఈ మార్గమున జనము చాలరు, బండ్లు పెంచుట వ్యర్థము" అను మాట పుట్టును. బండ్లు లేనందున జనము లేరు. జనము లేనందున బండ్లు లేవు. ఇది బావిలో నీరు లేదని చేదను, చేద లేదని బావిని నిందించుటవంటిది.

దీనికి మందు తెలియనిది కాదు. స్థానిక రైలునకు వేఱుగా రెండు పట్టాలు వేయవలెను. మెట్రో రైలున కున్న బలమిదే. దాని దారిపై మఱియొకరు నడవరు. 2017 నవంబరులో ఆరంభమై 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్లకు వ్యాపించిన హైదరాబాదు మెట్రో కొన్ని నిమిషముల కొకమాఱు వచ్చుటకు కారణ మదియే. ఐతే దానికి వ్యయ మెక్కువ. 2025 జనవరిలో రాష్ట్రప్రభుత్వము ఉత్తరదిశను మేడ్చలు వఱకును, శామీరుపేట వఱకును మెట్రో మార్గములకు సమగ్ర నివేదికలు సిద్ధము చేయ నిశ్చయించినది. స్థానిక రైలునకు మఱి రెండు పట్టాలా, లేక స్తంభములపై మెట్రోయా యన్నది ఇంజనీర్లును ఆర్థికవేత్తలును తేల్చవలసిన విషయము; దానిలో నేను తలదూర్చను. నాకు పట్టిన చింత వేఱు. ఎవరి కొఱకు వేయుచున్నామో వారిని లెక్కించితిమా యన్నదే అది.

నేను చదివి తెలిసికొన్నంతలో ఆధునికులు ఈ లెక్కను నాలుగు మెట్లుగా కట్టుదురు. ఏ పేటనుండి ఎన్ని ప్రయాణములు పుట్టునో మొదట లెక్కింతురు. అవి యే యే పేటలకు పోవునో రెండవ మెట్టున పంచుదురు. వాటిలో బస్సుపాలెంత, రైలుపాలెంత, సొంత వాహనముల పాలెంత యని మూడవ మెట్టున తేల్తురు. ఏ దారిన ఎన్ని పోవునో నాలుగవ మెట్టున నిర్ణయింతురు. ఈ పద్ధతి 1950 తరువాతి దశకమున అమెరికాలోని డిట్రాయిటు, చికాగో నగరములలో మోటారు రహదారులకై రూపొంది, లోకమంతట వ్యాపించినది. నేర్పుగల పద్ధతియే. కాని దానికి పునాది నేడు జరుగుచున్న ప్రయాణములు. ఎవరు నేడు పోవుచున్నారో వారి యడుగుజాడలే దానికి కనబడును. దారి లేక యింట నాగిపోయినవారి యడుగుజాడ నేలపై నెచ్చట నుండును? వారిది సున్న. ఆ సున్నను ఎంత పెద్ద సంఖ్యతో గుణించినను వచ్చునది సున్నయే.

ఆగిపోయినవారు దారి యేర్పడినచో నిజముగా వత్తురా యని సందేహించువారు కొన్ని దృష్టాంతములను చూడవలెను. లండను నగరమున గ్రేటు ఈస్టరను రైల్వే కంపెనీవారు క్రొత్త స్టేషనుకై బీదల యిండ్లను కూల్చవలసి వచ్చినపుడు, 1864 నాటి చట్టము వారికొక నిబంధన పెట్టినది: కూలివాండ్ర కొఱకు స్వల్పపు ఛార్జీతో తెల్లవాఱుజామున రైళ్ళు నడపవలెను. కంపెనీవారు ఇష్టపడి పెట్టుకొన్నది కాదది. కాని ఆ చౌక రైళ్ళు పోవు ఎడ్మంటను, వాల్తంస్టో ప్రాంతములు కొన్ని దశాబ్దములలోనే శ్రమజీవుల యిండ్లతో నిండిపోయినవి. 1883లో పార్లమెంటు చౌక రైళ్ళ చట్టముతో ఆ విధానమును ఇతర కంపెనీలకును వర్తింపజేసినది. రైళ్ళు నడువక ముందు ఆ శివారులలో కూలివాండ్ర ప్రయాణముల నెవరైన లెక్కించియుండినచో ఎంత వచ్చియుండెడిది?

బొంబాయిలో 1992 మే 5వ తేదీన చర్చిగేటు నుండి బోరివిలికి స్త్రీల కొఱకే యొక రైలు నడిపిరి. మఱుసటి సంవత్సరమే దానిని విరారు వఱకు పొడిగింపవలసి వచ్చినది. అంత దూరమేల? మన తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు బస్సులలో ఛార్జీ లేకుండ పోయినది. ఆ పథకము మంచిదా చెడ్డదా యని నేటికిని వాదించువారున్నారు. వాదింపనిండు. కాని బస్సులు స్త్రీలతో నిండిపోయిన మాట వాదించువారందఱును కన్నులార చూచినదే. "ఇంతమంది ఆడవాండ్రకు బయట నేమి పని?" అని యెకసక్కెములాడినవారిని నేనెఱుగుదును. నేను వారి నడుగునది మఱియొక ప్రశ్న. డిసెంబరు 8వ తేదీ వఱకు వీరందఱు ఎచ్చట నుండిరి? ఆస్పత్రికి పోవలసిన తల్లి, పరీక్షకు పోవలసిన కూతురు, కూలికి పోవలసిన ఇల్లాలు, పుట్టినింటికి పోవలసిన కోడలు, వీరెవరును ఆ రాత్రి క్రొత్తగా పుట్టినవారు కారు. అంతవఱకు లెక్కలలో సున్నలై యుండినవారు.

ఇంకొకటి. క్రొత్త మార్గమువలన లాభమెంతయో కట్టునపుడు జనులకు మిగులు కాలమునకు వెల కట్టుదురు. ఉద్యోగపు పనిమీద తిరుగువాని గంటకు అతని జీతమునుబట్టి వెల. ఇతర ప్రయాణముల గంటకు సామాన్యముగా అంతకంటె తక్కువ వెల. లెక్కకొక సూత్రము కావలెను గదా, నే నొప్పుకొందును. కాని ఆ సూత్రము ప్రకారము, ఏ జీతమును లేక పిల్లవానిని వైద్యుని యొద్దకు కొనిపోవు తల్లి గంట చౌక గంట. ఆమెయే ఆ గంట లేక ఉద్యోగము మానిన స్త్రీ. ఉద్యోగము లేదు గనుక గంట చౌక; గంట చౌక గనుక ఆమె దారి వెనుకబడును; దారి లేదు గనుక ఉద్యోగము లేదు. మన శాస్త్రములలో దీనిని చక్రక దోషమందురు. నివేదికలలో దీనికి పేరు లేదు.

ఇంతవఱకును ప్రభుత్వమునకును, శాస్త్రమునకును చెప్పవలసిన మాట చెప్పితిని. ఇంటివారికి చెప్పవలసిన మాటను దాచినచో నేను మఱియొకమాఱు కపటినగుదును.

2024లో మేనకోడలికి లింగంపల్లి వైపున కళాశాలలో చోటు దొరకినపుడు ఆ యింట పాత ప్రశ్నయే మఱల లేచినది. "ఆడపిల్ల, ఇంత దూరము రోజూనా?" అని నాయనమ్మ. "దగ్గఱలోనే యేదో యొకటి చూచుకొనరాదా?" అని బావగారు. ఈసారి నేను పత్రికను నమ్మి మాటలాడలేదు. ఆ పిల్లతో కూడ స్వయముగా పోయి చూచితిని. మేడ్చలులో ఎక్కితిమి, గౌడవల్లి, గుండ్లపోచంపల్లి, బొలారము, అల్వాలు, మల్కాజిగిరి గడచి సికింద్రాబాదు చేరి, అచ్చట బండి మాఱి లింగంపల్లిలో దిగితిమి. రైలులో ప్రయాణము సుఖముగానే యుండినది. నేను కాగితముపై వ్రాసికొన్నవి రైలులోని సంగతులు కావు. స్టేషను నుండి కళాశాలకు నడువవలసిన దూరమెంత? సాయంకాలము తరగతి యరగంట యాలస్యముగా ముగిసినచో తరువాతి బండి యెపుడు? అది తప్పినచో బస్సెచ్చట? మేడ్చలు స్టేషను నుండి యింటికి వచ్చు వీథిలో దీపములు వెలుగుచున్నవా? ప్లాటుఫారముపై స్త్రీలకు మరుగుదొడ్డి యున్నదా, దానికి తాళము వేసియున్నదా? ఈ ప్రశ్నలన్నిటికిని ఆమోదయోగ్యమైన యుత్తరములు రాలేదు. వచ్చినంతవఱకు చాలునని, రానివాటికి మేమే యుత్తరములు కల్పించుకొంటిమి. దీపములు లేని వీథికి బావగారే యుత్తరము. రాత్రి వచ్చు బండికి ఆయన స్టేషనులో నిలుచుండును. మొదటి నెలలో సణగిన నాయనమ్మ ఇపుడు బండి వచ్చు వేళకు గడియారము చూచుచుండును.

2012లో మేము చేయనిదేదో చూచితిరా? నాడు రైలు లేదు, నిజమే. కాని నాడు స్టేషనులో గాకున్న బస్సు దిగుచోట నిలుచుండువాడొకడు, సాయంకాలము బిడ్డకు అన్నము పెట్టువారొకరు, "సణుగకుడమ్మా" అని చెప్పు అన్న యొకడు ఉండియుండిన యెడల, రైలు రాక ముందే ఆమె దారి నిలిచియుండెడిది. ఆ పని చేయవలసిన అన్న పత్రికలోని రైలును చూపి తప్పుకొన్నాడు. ప్రభుత్వపు యోజన ఆలస్యమగుట యొక దోషము. ఆ యోజనను అడ్డము పెట్టుకొని ఇంటి యోజనను మానుట మఱియొక దోషము. మొదటిదానికి కారకులు పలువురు; రెండవదానికి నే నొక్కడను.

ఆ లెక్కల యువకుడు పోయిన నాటి మధ్యాహ్నము, భోజనములైన పిదప, చెల్లెలు నా యొద్ద కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచు నెమ్మదిగా అడిగినది: "అన్నయ్యా, ఆ సున్నకు నువ్వు బాధపడ్డంతగా నేను బాధపడలేదులే. కాని ఒక్కమాట చెప్పు. ఆనాడు రెండేండ్లన్నావు. నిజంగా నమ్మే అన్నావా?"

నేను కొంత తడవు మాటలాడలేకపోతిని. తుదకు, "నమ్మినానమ్మా. నమ్మడం నాకు సులువుగా ఉండెను గనుక నమ్మినాను" అంటిని.

ఆమె తల యూపినది. కోపింపలేదు. కోపించినచో నాకు కొంత తేలికగా నుండెడిది. చిక్కుడు గింజల పళ్ళెము తీసికొని లోపలికి పోయి, కొంతసేపటికి మఱల వచ్చి, "జీఎస్టీ లెక్కలు నేర్పే తరగతులు సికింద్రాబాదులో ఉన్నాయట, పిల్ల చెప్పింది. సాయంకాలం ఆఱు తర్వాత తిరుగు బండి ఎన్నింటికో కనుక్కోవాలి" అనినది. ఆ మాట అన్నది నాతో కాదు, కూతురితో.

చదువరులారా! మీ యింటికిని ఒకనాడు పలకవంటి యంత్రముతో నొక యువకుడు రావచ్చును. ఏ నగరములో నైనను క్రొత్త రైలుమార్గ మాలోచించునపుడు ఇట్టివారు వత్తురు, రావలెను. వారిని కూర్చుండబెట్టి మంచినీళ్ళిండు. మీ ప్రయాణములను సత్యముగా చెప్పుడు. పిదప మీ యింట "నేనెక్కడికీ పోను" అని నవ్వు స్త్రీ యున్నచో, ఆమెను మాత్రము మీరు నవ్వుతో విడువకుడు. బండి తఱచుగా నున్నచో ఎచ్చటికి పోయెడిదానవని ఆ యువకుని యెదుటనే యడుగుడు. అతని యంత్రమున గడి లేకపోయిన యెడల, గడి కావలెనని అతని పైవారికి వ్రాయుడు. యోజనలు చేయు విద్వాంసులకు నా విన్నపము: నేడు పోవుచున్నవారెందఱని యడుగు ప్రశ్నల క్రింద, పోలేక యాగిపోయినవారెందఱను ప్రశ్న యొకటి చేర్చుడు. దానికి వచ్చు నుత్తరము మీ పట్టికలను కొంత చిక్కుపఱచును. ఐనను చేర్చుడు.

ఆ యువకు డడుగక ముందే మీరడుగ గలిగినచో మఱియు మేలు. దానికి యంత్రముతో పని లేదు.